ఒక భోజనం లెక్క

ఎల్‌బీ నగర్‌కూ దిల్‌సుఖ్‌నగర్‌కూ మధ్య ఒక కాలనీ. కమ్యూనిటీ హాలు వెనక గదిలో స్టీలు కంచాల బ్యాంకు. ఇంట్లో భోజనాలు పెట్టుకున్నవాళ్ళు కంచాలు ఇక్కడినుంచి ఉచితంగా తీసుకుపోయి, పని అయ్యాక తిరిగి ఇస్తారు. గది చూసుకునేది కౌసల్యమ్మ. కంచాల లెక్క కట్టడానికి వచ్చిన అమ్మాయి మృదుల. మీర్‌పేట్ నుంచి వచ్చిన ముసలాయన సీతారాములు.

"ముట్టుకోకండి అన్నయ్యగారూ! ఆ వరస ఇంకా కడగలేదు."

"నా పెండ్లాం పేరున్న కంచం నేను ముట్టుకోవద్దా?"

"అది కాదండీ, ఎంగిలి..."

"ఎంగిలైతే చెయ్యి కడుక్కుంట. ఈ కట్టలన్నీ మావేనా?"

"అన్నీ మీరిచ్చినవే. అలా కూర్చోండి, ఫ్యాను కిందికి జరగండి. మంచినీళ్ళు తాగుతారా?"

"నీళ్ళకు రాలే కౌసల్యమ్మా. ఆదివారం బడంగ్‌పేట్‌ల నా కొడుకు మహేందర్ కొత్త ఇంట్ల పాలు పొంగిస్తున్నడు. భోజనాలకు ఈ కంచాలు కావాలె. లేవన్నవట, ఇంకెవలో ముందుగాలనే చెప్పుకున్నరట. నేనిచ్చిన కంచాలు నాకు దొరకకపోవుడేందో అడుగుదామని ఒచ్చిన."

"నేను లేవన్నానని మహేందర్ చెప్పాడా?"

"చెప్పిండు. నువ్వు అనలేదా?"

"అన్నానేమో. ఆదివారం నిజంగానే ఇవి బయటికి వెళ్ళాలండీ. వేరే వరసలిస్తాను, రండి. ఇవిగో, అంచుకి తామరపువ్వులున్నవి. ఎంత కొత్తగా ఉన్నాయో చూడండి."

"తామరపువ్వు నేనేం జేసుకోను? ఆమె పేరు కావాలె నాకు."

"అంకుల్, ఈ కంచాలు ఇచ్చింది మీరేనా? నిజంగా? మీ గురించి ఆంటీని పొద్దున్నుంచీ అడుగుతున్నాను!"

"నువ్వెవలు బిడ్డా? ఆ కాంటా ఏంది? నా కంచాలు తూకం ఏస్తున్నవేంది? అమ్ముతున్నరా?"

"అయ్యో, అమ్మడం కాదండీ. నా పేరు మృదుల. ఒక వస్తువు పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా దానివల్ల గాలికీ నీళ్ళకీ నేలకీ ఎంత నష్టం జరుగుతుందో లెక్క కడతాం. అదే నా ఉద్యోగం."

"కంచానికి పుట్టుడేంది?"

"ఎక్కడో కొండ తవ్వి ఖనిజం తీస్తారు కదా, అక్కడ మొదలు. కరిగించి రేకు చేస్తారు. రేకు నొక్కి కంచం చేస్తారు. లారీలో వస్తుంది. జనం తింటారు, తిన్న ప్రతిసారీ కడగడానికి నీళ్ళు, సబ్బు. ఆఖరికి సొట్టలు పడి పాత సామాన్లవాడికి పోతుంది, మళ్ళీ కరుగుతుంది. ఆ నష్టమంతా కూడి, దాంట్లో తిన్న భోజనాలకి పంచుతాం. ఒక్కో భోజనానికి ఎంత పడిందో చూస్తాం. పేపర్ ప్లేటుకి కూడా అలాగే కట్టి రెండూ పక్కపక్కన పెడతాం."

"స్టీలు మంచిదని తెల్వనీకి గింత సదువు కావాలెనా?"

"వాడకపోతే స్టీలు మంచిది కాదంకుల్. కొండ తవ్వి, కొలిమి మండించి, చేసిందాన్ని అల్మరాలో పెడితే పేపర్ ప్లేటు కంటే ఘోరం. ఎన్నిసార్లు తిన్నారన్న దాని మీదే అంతా ఉంది. ఈ గది ఉంచాలా మూసెయ్యాలా అని మీ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావుగారు నా రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారు."

"ఎదురుచూస్తున్నాడా? కాచుక్కూర్చున్నాడు అను తల్లీ. ఇది ఖాళీ చేయించి జిమ్ము పెట్టాలని. ఆయన పొట్ట ఆ జిమ్ములో పడుతుందా అసలు?"

"మీరుండండి ఆంటీ. అంకుల్, నిజం చెప్పాలంటే మిగతా కంచాలు లెక్కలో నిలబడట్లేదు. ఆ తామరపువ్వులవాటికి షాపు స్టిక్కరు కూడా ఊడలేదు, చూడండి. పెళ్ళిళ్ళకి క్యాటరింగువాళ్ళు సొంత ప్లేట్లు తెచ్చుకుంటున్నారు. ఇక మీ కంచాలు చూడండి. అద్దంలా ఉండాల్సినవి మసకబారిపోయాయి. ఎన్ని గీతలో! ఈ గదిని మీ కంచాలే నిలబెడుతున్నాయి."

"ఏదీ, ఇటియ్యి... అవ్ మల్ల. ఎంత అరిగినయ్! విన్నవా కౌసల్యమ్మా? ఆమె చెయ్యి గసుంటిది. ఆమె పేరుంటే సాలు, నలుగురు తింటరు."

"విన్నానండీ."

"వింటే గట్ల మెల్లగంటవేంది? మూడేండ్ల కింద ఇచ్చి పోయిన. మళ్ళ ఈ గడప తొక్కలే. ఇచ్చినంక అడిగేది మంచిగుండదని. ఇయ్యాల ఈ పిల్ల నోట వినబట్టి తెలిసింది. నువ్వు ఒక్కసారి ఫోన్ చేసి చెప్తే నీ నోటి ముత్యాలు రాలతయా?"

"నాకెక్కడ తీరుతోందండీ..."

"ఆంటీ, కాస్త తీరిక చేసుకుని ఈ రెండు ముక్కలు చెప్పేయండి, నా లెక్కలో అక్కడ ఖాళీగా ఉండిపోయింది. ఇవి ఎంత దూరం వెళ్తుంటాయి?"

"పెద్ద దూరమేం కాదు. ఇటు మీర్‌పేట్, అటు సరూర్‌నగర్. ట్రాలీ ఆటోలో."

"వచ్చాక ఇక్కడ కడుగుతారా?"

"వాళ్ళూ కడిగిస్తారు, ఇక్కడా కడిగిస్తాను. వెనక నల్లా దగ్గర."

"అన్నీ అలాగేనా?"

"అన్నీ ఒకసారి. ఇవి రెండుసార్లు."

"ఇవి మాత్రం ఎందుకు రెండుసార్లు? నీళ్ళ లెక్క మారిపోతుంది ఆంటీ."

"జిడ్డు తల్లీ."

"అయితే రెండోసారి కూడా సబ్బేనా?"

"సబ్బు కాదు. ఊరికే... పసుపు నీళ్ళు."

"పసుపు నీళ్ళా! మంచిదే. సబ్బు కంటే పసుపు చాలా నయం, మురుగులో కలిసినా..."

"నువ్వు జర ఊకో బిడ్డా. కౌసల్యమ్మా, ఇటు సూడు."

"చూస్తూనే ఉన్నానండీ."

"గోడ దిక్కు కాదు, నా దిక్కు సూడు. ఎసుంటి ఇంటికెళ్ళి ఒస్తే పసుపు నీళ్ళు సల్లుకుంటరు?"

"వాసన పోతుందని..."

"వాసనా? పెండ్లి ఇంటికెళ్ళి ఒస్తే సల్లుతరా? సీమంతానికి పోయొస్తే సల్లుతరా?"

"అన్నయ్యగారూ, మీరు కోప్పడనంటే చెప్తాను."

"కోపానికే ఒచ్చిన. చెప్పు."

"దినాలకే వెళ్తాయండీ. పదకొండో రోజు భోజనాలకి. మొదట్నుంచీ కాదు. మొదట్లో ఒక పెళ్ళికి పంపించాను. నమ్మండి. మీ కంచాలే పంపించాను."

"పంపిస్తే?"

"పెళ్ళికూతురు అన్నం తింటోంది. సాంబారన్నం అయిపోయేసరికి అడుగున అక్షరాలు బయటపడ్డాయి. కీర్తిశేషులు యాదలక్ష్మి అని. మగపెళ్ళివాళ్ళావిడ పక్కనే కూర్చుంది. చదివింది. కుర్చీ వెనక్కి పడేలా లేచిపోయింది. ఎవరమ్మా ఈ చచ్చినావిడ, నా కోడలి కంచంలో ఏం చేస్తోంది అని ఒకటే గొడవ! బంతిలో అందరూ మెతుకులు పక్కకి నెట్టి ఎవరి కంచం వాళ్ళు చూసుకున్నారు. ఆ మర్నాడు నన్ను ఈ గుమ్మంలో నిలబెట్టి తిట్టిన తిట్లు మీరు వినలేదు. ఏ మహానుభావుడు కొట్టించమన్నాడండీ కంచం నడిమధ్య?"

"అంచు మీద కొట్టిస్తే తోమి తోమి పేరు పోతదన్నడు దుకాణపోడు. నడుమ కొట్టించిన. ఉండాలెనని కొట్టించిన."

"పోనీ, పేరొక్కటే కొట్టిస్తే సరిపోయేది కదా. ముందు ఆ కీర్తిశేషులు ఎందుకు?"

"సచ్చిపోయినామెను సచ్చిపోయిందని రాయకుంటే ఏమని రాయాలె? ఊరికి పోయిందని రాయాల్నా?"

"నేనేం అన్నానిప్పుడు..."

"మంది పెండ్లిళ్ళల్ల వండి వండి నడుం ఇరగ్గొట్టుకున్నది నా పెండ్లాం. మంది పిల్లల పెండ్లికి వంకాయ కోసీ కోసీ వేళ్ళు నల్లగైతుండె. గా పెండ్లిళ్ళకు పనికొచ్చిన మనిషి, కంచమైతే పనికిరాకపాయెనా? దినం కూడుకా నా యాదలక్ష్మి?"

"నన్నంటారేంటండీ? నేనా రూలు పెట్టింది? అప్పుడే మహేందర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఇలా గొడవయింది బాబూ, ఏం చెయ్యమంటావు, నాన్నగారికి చెప్పు అన్నాను. దినాలకే పంపించండి ఆంటీ, మా బాపుకి నేను చెప్తాలెండి అన్నాడు."

"మహేందర్ అన్నడా?"

"అన్నాడు."

"మూడేండ్ల సంది వానికి తెలుసునా?"

"చెప్పుంటాడనుకున్నాను. ఇంకొకటి కూడా చెప్పేస్తాను, నా వల్ల కాదు. ఆదివారానికి కంచాలు కావాలని అతను నన్ను అడగనే లేదు. అడగంది లేవని నేనెందుకంటాను?"

"ఫోన్ ఏది... కండ్లద్దాలు తేలే. బిడ్డా, ఇందుల మహేందర్ అని ఉంటది, జర ఒత్తియ్యి."

"రింగవుతోంది అంకుల్. తీసుకోండి."

"అలో... నేనే... ఏడుంటే నీకెందుకు. కౌసల్యమ్మ ముందట ఉన్న... ఆఁ, గా కౌసల్యమ్మనే. కంచాలు లేవన్నదని నాకెందుకు చెప్పినవ్?... ఊఁ... ఊఁ... మీ అత్త ఏమంటదో మీ అత్తను అడుగుత తియ్యి, నిన్ను అడుగుతున్న నేను... పేపర్ ప్లేట్లా? చెప్పేసినవా?... అరే, మీ అమ్మ బంగారం అమ్మితే ఒచ్చిన జాగ రా అది. పునాది తీసిన్నాడు ఎండల నిలవడి కూలోళ్ళకు వండి పెట్టింది. గోడలు లేవకముందే పాయె. ఒక్క పూట ఆమె కంచం ఆ ఇంట్లకు ఒస్తే... ఏమన్నవ్?... ఎవలు అరిష్టం?... మళ్ళొకసారి అను... అనరా, మీ అమ్మ పేరు వెట్టి అను... అలో... పెట్టేసిండు."

"అన్నయ్యగారూ, ఈ నీళ్ళు తాగండి ముందు."

"ఒద్దు."

"కొత్త ఇల్లు కదా, వాళ్ళ అత్తగారి తరఫువాళ్ళు పట్టింపున్న మనుషులేమో..."

"కొబ్బరికాయ కొట్టనీకి నేను కావాలెనట. జల్ది రా బాపూ అంటున్నడు. అయ్య పెండ్లాం సచ్చినోడైనా పనికొస్తడు, అమ్మ పేరు పనికిరాదు."

"అంకుల్, నాకు ఇలా మాట్లాడొచ్చో లేదో తెలీదు. కానీ ఆ పేపర్ ప్లేట్లకి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది మట్టిలో కలవదు. మీవాడికి ఆ సంగతి చెప్పి చూస్తే..."

"నువ్వు నాకు చెప్పకు బిడ్డా పేపర్ ప్లేట్ల సంగతి. ఆమె దినం నాడు పెట్టింది పేపర్ ప్లేట్లల్లనే. ఒచ్చినోళ్ళు ఒడిల పెట్టుకుంటే పప్పుచారు కారి బట్టల మీద పడ్డది. తిని మూల మీద కుప్ప ఏసిన్రు. రాత్రి వాన కొట్టింది. పొద్దున మోరీ నిండి గల్లీల పారింది ఎంగిలి. ఆ మోరీ తీయనొచ్చిన ఆమె నా వాకిట్ల నిలవడి తిట్టింది, సచ్చినోళ్ళ ఎంగిలి మేమెన్ని రోజులు ఎత్తాలె అని. తిడితే తిట్టింది, నిజమే తిట్టింది. మళ్ళ వాన పడ్డప్పుడల్లా ఒకటో రెండో తేలుతుండె, మా ఇంటి ముందటనే. గందుకే కొన్న ఈ కంచాలు. గందుకే ఆమె పేరు కొట్టించిన."

"ఎన్నాళ్ళ వరకు తేలాయంకుల్, గుర్తుందా?"

"గిది గూడ లెక్కల రాస్తవా బిడ్డా?"

"సారీ. అలవాటుగా అడిగేశాను."

"కౌసల్యమ్మా, ట్రాలీ ఆటో ఎవలన్న ఉంటే పిలువు. అన్నీ ఏసుకొని పోత."

"ఎక్కడికండీ?"

"మా ఇంటికి."

"ఉండేది మీరొక్కరు. అన్ని కంచాలు ఏం చేసుకుంటారు?"

"అటక మీద ఏసుకుంట. నా అటక, నా కంచాలు."

"అటక మీదా! అంకుల్, ఏదైనా చెయ్యండి, అది మాత్రం చెయ్యకండి. వీటిలో తింటున్నన్నాళ్ళే వీటికి అర్థం. అటకెక్కిస్తే కొండ తవ్వింది దండగ, కరిగించింది దండగ..."

"నీ రిపోర్టు ఖరాబైతదని నీ రంది."

"అవును, నా రిపోర్టే. లేదనను. మీ కంచాలు తీసేస్తే ఈ గది పేపర్ ప్లేటుకి ఓడిపోతుంది. గది మూసేస్తారు. మళ్ళీ అందరూ పేపరే, మళ్ళీ అదే మోరీ. నేను అబద్ధం రాయలేను కదా."

"రాయకు. మూస్తే మూయనీ. మా ఆమె పేరును పసుపు నీళ్ళతోని కడిగే గది ఉంటే ఎంత, పోతే ఎంత."

"అన్నయ్యగారూ, ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో సామాన్ల షాపువాడు పాలిష్ పడతాడు. పేరు అలాగే ఉంచి, ముందున్న కీర్తిశేషులు ఒక్కటీ చెరిపించేస్తాను. నేనే దగ్గరుండి చేయిస్తాను. అప్పుడు ఏ పెళ్ళికైనా పంపించొచ్చు. మీవాడి ఇంటికి కూడా."

"చెరిపేస్తే ఏమైతది? లేచొస్తదా?"

"అలా కాదండీ..."

"సచ్చింది. మూడేండ్లాయె. సచ్చిందనే ఉండాలె. కొడుకేమో గడపల అడుగు పెట్టనియ్యనంటున్నడు, నువ్వేమో చెరిపేస్త అంటున్నవ్. బతికున్న ఆడోళ్ళ తీరుగ ఏషం కట్టి కొడుకింట్లకు పంపాల్నా ఆమెను? దొంగసాటుగనా?"

"మంచికి చెప్పినా తప్పేనా! విసుగొచ్చేస్తోందండీ నాకు. మీరు కొట్టించారు, వాళ్ళు తిట్టారు, మీ అబ్బాయి దాచాడు, మధ్యన నేను. పసుపు కొని, నీళ్ళు మోయించి, ఎండలో బోర్లించి మూడేళ్ళుగా ఈ కంచాలు కాపాడుకొస్తోంది నేను. పెళ్ళివాళ్ళు వద్దంటే ఆనాడే పాత సామాన్లవాడికి వేసేయమన్నాడు విశ్వేశ్వరరావు. వేశానా?"

"ఏయలే."

"మరి?"

"ఏయలే అంటున్న కద."

"అంకుల్, ఒక్కటి చెప్పనా. మా లెక్కలో భోజనం అంటే ఒక మనిషి ఒక పూట కడుపునిండా తినడం. అంతే. అది పెళ్ళా, దినమా అని రాసే చోటు లేదు. రెండూ ఒకటే."

"లేదా?"

"లేదు."

"ఎవలు పెట్టిన్రు ఈ లెక్క?"

"బయటి దేశాలవాళ్ళు ఎవరో."

"వాళ్ళకు వియ్యంకులు లేనట్టున్నరు."

"నవ్వుతున్నారా అంకుల్?"

"నవ్వలే. కౌసల్యమ్మా, గా దినాలల్ల... తిన్నంక పేరు కనవడుతది కద. లేస్తరా వాళ్ళు గూడ?"

"లేవరండీ. ఎవరూ లేవరు. చావు ఇంట్లో ఆ మాట కొత్తేముంది? చదువుతారు. ఎవరీవిడ అని అడుగుతారు."

"అడుగుతరా?"

"అడుగుతారండీ, కంచాలు తిరిగివ్వడానికి వచ్చినప్పుడు. ఎవరమ్మా ఈ యాదలక్ష్మి, ఏ ఊరావిడ, ఎలా పోయింది, ఎంత వయసు అని. ఎవరింట్లో మనిషి పోయినా వాళ్ళకి పక్కవాళ్ళ కష్టం వినాలనుంటుందేమో మరి."

"నువ్వేం చెప్తవ్?"

"నాకేం తెలుసు? ఆవిణ్ణి నేను చూడలేదు. మీర్‌పేట్ ఆవిడట అంటాను. ఎలా పోయిందో తెలీదంటాను."

"నన్ను పిలిస్తే చెప్తుంటి కద."

"మిమ్మల్నెలా పిలుస్తానండీ, దాచిపెట్టుకుని?"

"మూడేండ్లల్ల నన్ను ఒక్కడు అడగలే, ఆమె ఎట్ల పోయిందని. కొడుకు అడగడు, వాడు చూసిండు కాబట్టి. వాళ్ళింటికి పోతే కోడలు టీవీ సప్పుడు పెంచుతది. చుట్టాలు నేను ఆమె పేరెత్తితే చాయ్ తాగుతవా అంటరు. ఈడ ముక్కు మొకం తెల్వనోళ్ళు కంచం సూసి అడుగుతున్నరా?"

"అడుగుతున్నారు."

"ఆదివారం ఎవలింటికి పోతున్నయ్ ఇవి?"

"మీ మీర్‌పేట్‌లోనే. మహిపాల్ అని, వాళ్ళమ్మ సుమిత్రమ్మ పోయింది. పదకొండో రోజు. మీకు తెలుసా?"

"తెల్వదు."

"ఇప్పుడు మీరు పట్టుకుపోతే అతనికేం చెప్పాలో. పోన్లెండి, మీ కంచాలు మీరు పట్టుకుపోండి. ఆటో పిలుస్తాను."

"పిలువకు. ఉండనీ ఈడనే. భోజనం ఎన్ని గంటలకట?"

"మధ్యాహ్నం. ఎందుకండీ?"

"ఒస్త."

"ఎక్కడికి? సుమిత్రమ్మ దినానికా? పిలవని ఇంటికి ఎలా వెళ్తారు?"

"నా పెండ్లాం పోతలేదా, పిలువకున్నా?"

"అన్నయ్యగారూ, అదే పూట అక్కడ కొడుకు గృహప్రవేశం! కొబ్బరికాయకి మీ కోసం చూస్తారు. మహేందర్ నాకు ఫోన్ చేసి మా బాపు ఏడీ అంటే ఏం చెప్పను?"

"వాని అమ్మ వడ్డిస్తున్నకాడ తింటున్నడని చెప్పు. వానికి ఆకలైతే వాడే ఒస్తడు."